కొయ్యకు కవచం: ఆలయ దారుశిల్పాలకు లేపన సంప్రదాయం

  



జీర్ణోద్ధరణ పనులు జరుగుతున్న ఈ ఏడాదిన్నర కాలంలో మహాద్వారం దాటి లోపలికి వచ్చిన భక్తులు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగినారు. “స్వామీ! గోపురానికి రంగులు వేయించినారు. ప్రాకారానికి సున్నం కొట్టించినారు. ఇన్ని చేసి తలుపులకు రంగు వేయడం మరచిపోయినారా?” అని. మరచిపోలేదు. ఆ తలుపులకు నాలుగు పూతలు పడినవి. అవి కొయ్యను కప్పివేయని పూతలు గనుక కంటికి కనిపించవు. మీరు చూస్తున్నది టేకుమాను సొంత వర్ణము, దాని మీద మన పూర్వులైన శిల్పుల ఉలి నడిచిన జాడ.

ఈ సంచికలో స్థలపురాణమును, విమాన నిర్మాణమును, దాతల సేవలను పెద్దలు వివరంగా రాసినారు. తలుపులు, వాహనాలు, రథము, ధ్వజస్తంభము మొదలైన కొయ్యపనుల రక్షణకు మన దేశంలో ఏయే లేపనాలు వాడినారో, ఆ సంప్రదాయము మన ఆలయంలో ఎలా తెగిపోయి మళ్ళీ ఎలా మొదలైనదో చెప్పడం నా వంతు అయినది. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనమని భావిస్తున్నాను.

దారువును గ్రహించే విధి

భగవంతుని మూర్తికి శిల, లోహము, మృత్తిక, దారువు అన్నీ యోగ్యములే. వీటిలో ఒకప్పుడు ప్రాణముతో పెరిగినది దారువు ఒక్కటే. అందువల్లనే దానిని తెచ్చుకునే విధిలో అంత మర్యాద కనిపిస్తుంది. క్రీస్తుశకం 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరాచార్యులు తమ బృహత్సంహితలో ప్రతిమ కోసం అడవికి వెళ్ళి చెట్టును ఎంచుకునే పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించినారు. శ్మశానంలోను, దారి పక్కన, పుట్ట మీద పెరిగిన చెట్లను, పిడుగుపాటుకు గాని, గాలికి గాని, ఏనుగులకు గాని దెబ్బతిన్న చెట్లను విడిచిపెట్టమన్నారు. తగిన వృక్షము దొరికిన పిదప, కొట్టడానికి ముందు దానికి పూజ చేసి, బలి సమర్పించి, దానిలో నివసించే భూతములను వేరొక చోటికి తరలిపొమ్మని ప్రార్థించమన్నారు.

అక్కడే మరొక నియమము ఉన్నది. చెట్టును పడగొట్టక ముందే దాని దిక్కులను, పైభాగాన్ని, మొదలును గుర్తు పెట్టుకోవాలి. చెట్టు ఎలా నిలబడి ఉండినదో ప్రతిమ కూడా అలాగే నిలబడాలి. కొయ్య నరికిన తరువాత కూడా తన స్వభావాన్ని మరచిపోదని ఆచార్యులకు తెలుసుననడానికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఆ స్వభావమేమో మనం ఇళ్ళలో కూడా చూస్తూనే ఉంటాము. శ్రావణ మాసంలో బిగుసుకుని మూయడానికి రాని తలుపు వైశాఖంలో వదులై కొట్టుకుంటుంది. గాలిలోని తేమను కొయ్య పీల్చుకుంటుంది, ఎండ కాసినప్పుడు విడిచిపెడుతుంది. ఈ ఉబ్బడం, కుంచించుకుపోవడం ఏళ్ళ తరబడి సాగితే పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళలో నీరు నిలుస్తుంది. కొయ్యలో తేమ నూటికి ఇరవై పాళ్ళు దాటి అలాగే నిలిచిపోతే బూజుజాతి జీవులు పుట్టి దానిని లోపలి నుంచి తినివేస్తాయి. పైగా మాను చివర కోసిన మొగము, అంటే చెట్టులో రసము పైకి ఎక్కిన దారి, పక్క భాగాలకంటె ఎన్నో రెట్లు వేగంగా నీటిని తాగుతుంది. తలుపు అడుగు అంచు ముందుగా పుచ్చిపోవడానికి ఇదే కారణము. కొయ్యకు లేపనము పెట్టడమంటే ఈ రాకపోకలను నెమ్మదింపజేయడము. మెరుపు దానివెంట వచ్చే రెండవ ఫలము.

వజ్రలేపము

బృహత్సంహితలోనే వజ్రలేపమనే మరొక అధ్యాయము ఉన్నది. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పువ్వులు, అందుగు గింజలు, ధన్వన వృక్షపు బెరడు, వస – వీటిని ఒక ద్రోణము నీటిలో వేసి ఎనిమిదవ వంతు మిగిలేవరకు కాచమన్నారు. ఆ కషాయంలో శ్రీవాసకము, గుగ్గులు, నల్లజీడి, కుందురుకము, సర్జరసము, అతసి, మారేడు మొదలైనవి ముద్దగా నూరి కలపమన్నారు. దీనిని వేడిగా ఉండగానే ప్రాసాదములకు, గృహములకు, లింగములకు, ప్రతిమలకు, గోడలకు పూస్తే సహస్రాయుత సంవత్సరములు, అంటే కోటి ఏండ్లు నిలుస్తుందని ఫలశ్రుతి.

కోటి ఏండ్ల మాట అటుంచి, ఆ ద్రవ్యాలను కొంచెం పరిశీలించండి. శ్రీవాసకము సరళవృక్షపు బంక. నేడు అంగడిలో దొరికే టర్పెంటైను ఆ జాతి చెట్ల బంక నుంచే దిగుతుంది. సర్జరసమంటే మనం ధూపానికి వాడే గుగ్గిలము. అతసి అంటే అవిసె. ఈ గింజల నూనె గాలి తగిలితే ఎండి పొరగా గట్టిపడుతుంది. నల్లజీడి రసము ఎంత గట్టిదో చాకలివారు బట్టల మీద పెట్టే గుర్తును చూసిన పెద్దలకు తెలుసు. ఎన్ని ఉతుకులకైనా అది పోదు. చైనా, జపాను దేశాలలో కొయ్యపాత్రలకు పూసే ప్రసిద్ధమైన లేపనమిచ్చే చెట్టు కూడా ఈ జీడి కుటుంబానిదే. ఎండే నూనె, చెట్టు బంక – ఈ రెండింటి కలయికనే తరువాతి కాలంలో వార్నిషు అన్నారు. ఐరోపాలో 12వ శతాబ్దిలో థియోఫిలస్ అనే సన్యాసి అవిసె నూనెలో బంకను కరిగించి పూసే పద్ధతిని గ్రంథస్థము చేసినాడు. వజ్రలేపము కొయ్య కోసమే చెప్పినది కాదు. అయినా దానిలోని ద్రవ్యాలను గుర్తించగల జ్ఞానము మన ఆచార్యులకు ఆనాటికే ఉన్నదని స్పష్టమవుతున్నది.

అదే అధ్యాయంలో రెండవ వజ్రలేపము లాక్షతో మొదలవుతుంది.

లాక్ష

లాక్ష అంటే మన లక్క. అథర్వవేదంలో లాక్షను దేవతగా సంబోధించి, దెబ్బలను, గాయాలను మాన్పమని కోరే సూక్తము ఒకటి ఉన్నది. మహాభారతము ఆదిపర్వంలో లాక్ష వేరొక రూపంలో దర్శనమిస్తుంది. వారణావతంలో పురోచనుడు జనుము, సర్జరసము, నెయ్యి, నూనె, లక్కలను మట్టితో కలిపి గోడలకు పూయించినాడు. గృహప్రవేశము చేసిన వెంటనే ధర్మరాజు వాసన పట్టి సంగతి గ్రహించినాడు. గాయాన్ని మాన్పేదీ అదే ద్రవ్యము, ఇంటిని దహించేదీ అదే ద్రవ్యము. వాడే చేతిని బట్టి ఫలము. ఈ మాటను తరువాత మళ్ళీ గుర్తు చేస్తాను.

లక్క చెట్టు బంక కాదు. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల లేత కొమ్మల మీద లక్షలుగా చేరే అతిచిన్న పురుగులు చెట్టు రసాన్ని పీల్చి, తమ చుట్టూ కట్టుకునే గూడు అది. తల్లిపురుగు ఆ గూటిలోనే గుడ్లు పెట్టి చనిపోతుంది. పిల్లలు పెరిగి బయటికి వచ్చేవరకు ఎండ నుంచి, వాన నుంచి ఆ కవచమే రక్షిస్తుంది. సంతానము కోసము ఒక ప్రాణి కట్టిన కవచాన్ని మనం తెచ్చి స్వామివారి వాహనానికి కవచంగా పూస్తున్నామన్నమాట.

కొమ్మల నుంచి గీకిన లక్కను దంచి నీటిలో కడిగితే ఎర్రని రంగు దిగుతుంది. అదే ఆడవారు పాదాలకు పెట్టుకునే లత్తుక. మిగిలిన గింజలను ఆరబెట్టి, పొడవైన గుడ్డసంచిలో నింపి, నిప్పుల ముందు కాచుతూ సంచిని మెలిపెడితే లక్క కరిగి బయటికి ఊరుతుంది. దానిని పల్చని పలకగా సాగదీసి, ఆరిన తరువాత ముక్కలు చేస్తారు. వడ్రంగులు చపడా అని పిలిచేది ఇదే.

ఈ పురుగు చరిత్రలో మన తెలుగు నేలకు కూడా చోటున్నది. సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు లక్క పురుగును గూర్చి రాసిన వ్యాసము 1791లో లండను రాయల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయినది. 1924లో రాంచీ సమీపాన నాంకుంలో లక్క కోసమే ఒక పరిశోధన సంస్థ ఏర్పడినది. మన పెద్దలు చెవులారా విన్న నాటక పద్యాల పాత గ్రామఫోను రికార్డులు కూడా లక్కతో తయారైనవే.

ఇక్కడ ఒక ధర్మసందేహము రావచ్చు. పురుగు నుంచి వచ్చిన ద్రవ్యము దేవాలయంలో పనికివస్తుందా? లక్కను అమ్ముకునే బ్రాహ్మణుడు పతితుడవుతాడని మనుస్మృతి చెప్పినది. అది విక్రయానికి సంబంధించిన నిషేధము. ప్రతిమలకు, ప్రాసాదములకు పూసే లేపములో లాక్షను చేర్చినది శాస్త్రమే. అయినప్పటికీ మన ఆలయంలో గర్భాలయ ద్వారానికి లక్కను వాడలేదు. అక్కడ అవిసె నూనె, గుగ్గిలము మాత్రమే వాడినాము. వాహనాలకు లక్క వాడినాము. సందేహానికి గౌరవమిచ్చి, శాస్త్రము అనుమతించినంత మేరకు నడచుకోవడము మంచిదని మా పెద్దలు నేర్పినారు.

దారుమూర్తులకు తైలసేవ

సుధామూర్తులకు, దారుమూర్తులకు నిత్యము జలాభిషేకము చేయరాదని మనకు తెలిసినదే. మా వైఖానస సంప్రదాయంలో ధ్రువబేరము శిలామయము కానప్పుడు స్నపనము లోహబేరానికి జరుగుతుంది. తమిళనాట తిరుక్కోవలూరులో త్రివిక్రమస్వామి దారుమూర్తి. అటువంటి మూర్తులకు తైలక్కాప్పు, అంటే మూలికలతో సిద్ధము చేసిన తైలపు పూత, ఒక కైంకర్యంగా ఆ ప్రాంత ఆలయాలలో జరుగుతూ వచ్చినది.

పూరీ క్షేత్రంలో జగన్నాథ, బలభద్ర, సుభద్రా మూర్తులు వేపమానుతో చేసినవి. అక్కడ ప్రతిదినము స్నానము అద్దంలోని ప్రతిబింబానికి జరుగుతుంది. సంవత్సరానికి ఒక్కసారి, జ్యేష్ఠ పూర్ణిమనాడు మాత్రము నూట ఎనిమిది కలశాలతో మూర్తులకే స్నానము చేయిస్తారు. ఆ వెంటనే స్వామికి జ్వరము వచ్చినదని పదిహేను రోజులు దర్శనము నిలిపివేస్తారు. ఆ అనవసర కాలంలో ఫులురి తైలమనే నూనెను సమర్పిస్తారు. సుగంధ పుష్పాలను నువ్వుల నూనెలో వేసి, కుండలలో ఉంచి, ఏడాదిపాటు భూమిలో పాతిపెట్టి తయారుచేసే తైలమది. భక్తుడు దీనిని జ్వరపీడితుడైన స్వామికి చేసే ఉపచారమని భావిస్తాడు. వడ్రంగి దీనిని తడిసిన కొయ్యను నీడపట్టున ఆరనిచ్చి నూనె పెట్టడమని గ్రహిస్తాడు. ఇద్దరూ చెప్పినది నిజమే. ఇంత జాగ్రత్త పడినా కొయ్యకు ఆయువు పరిమితమే గనుక అధిక ఆషాఢము వచ్చిన సంవత్సరాలలో నవకళేబరము జరుగుతుంది. 1996లో జరిగిన పిదప మళ్ళీ 2015లో జరిగినది.

కాంచీపురంలో మేడిమానుతో మలచిన అత్తి వరదస్వామి కథ దీనికి భిన్నమైనది. స్వామి నలభై ఏండ్లు అనంతసరస్సు నీటిలోనే శయనించి ఉంటారు. 1979 తరువాత 2019లో నలభై ఎనిమిది రోజులు దర్శనమిచ్చి మళ్ళీ పుష్కరిణిలోకి వేంచేసినారు. నీరు కొయ్యను పాడుచేస్తుందన్నారు గదా, ఇది ఎలాగని మీరు అడగవచ్చు. కొయ్యను తినే జీవులకు తేమతో పాటు గాలి కూడా కావాలి. పూర్తిగా మునిగిన కొయ్యకు గాలి అందదు గనుక అది నిలుస్తుంది. తడుస్తూ ఆరుతూ ఉండే కొయ్యే త్వరగా శిథిలమవుతుంది. మన మహాద్వారపు తలుపు అడుగుభాగము అటువంటిది.

ధ్వజస్తంభానికి కూడా ఈ తైలసంస్కారము ఉన్నది. కేరళ ఆలయాలలో లోహపు తొడుగు వేయడానికి ముందు టేకుమానును మూలికా తైలంలో నెలల తరబడి ఉంచే తైలాధివాసము నేటికీ జరుగుతున్నది. 2017 జూన్‌లో శబరిమలలో ప్రతిష్ఠించిన ధ్వజస్తంభపు మానుకు ఈ సంస్కారము జరిగినది. తొడుగు వేసిన తరువాత కొయ్యను చూసే అవకాశముండదు గనుక ముందే నూనె తాగించడము వారి ముందుచూపు.

మన నేల మీద లక్కపని

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామము లక్కపనికి పేరు పొందినది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, దానికి లక్కకడ్డీని ఆనిస్తారు. తిరుగుతున్న కొయ్య రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి పల్చని పొరగా పరచుకుంటుంది. చివరకు మొగలి ఆకుతో ఒత్తి నిగనిగలాడే మెరుపు తెస్తారు. ఇందులో ద్రావకము లేదు, కుంచె లేదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహజమైన రంగులను ఈ కళలోకి మళ్ళీ తెచ్చిన శ్రీ సి.వి. రాజుగారిని 2023లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలు కూడా ఇదే జాతి కర్రతో, ఇదే విధానంలో తయారవుతాయి.

తరిణె మీద తిరిగే చిన్న వస్తువుకు ఈ పద్ధతి సరిపోతుంది. గరుడుని రెక్కకు, తలుపు పలకకు సరిపోదు. వాటి కోసము చపడాను స్పిరిటులో నానబెట్టి కరిగించి, గుడ్డ ఉండతో రుద్దే పద్ధతి వాడుకలోకి వచ్చినది. 19వ శతాబ్ది ఆరంభంలో ఐరోపాలో ప్రాచుర్యము పొందిన ఈ పనితనము ఆంగ్లేయుల కాలంలో మన వడ్రంగుల చేతికి వచ్చినది. లక్క మాత్రము మన అడవులదే. లక్కపాలిష్‌కు గుణదోషాలు రెండూ ఉన్నవి. పాత పూత మీద కొత్త పూత వేస్తే రెండూ కరిగి ఒకటవుతాయి. అవసరమైతే స్పిరిటుతో తుడిచి మొత్తము తీసివేయవచ్చు. అయితే నీరు నిలిస్తే తెల్లని మచ్చలు వస్తాయి, వేడికి మెత్తబడుతుంది. కనుక అది లోపల ఉండే వస్తువులకే తగినది.

మేము చేసిన పొరపాటు

మా తండ్రిగారు ఈ స్వామి సన్నిధిలో అర్చకత్వము చేసిన కాలంలో ప్రతి సంవత్సరము బ్రహ్మోత్సవాలకు పది రోజుల ముందు ఒక పని జరిగేది. ప్రాకారంలో ఈశాన్య మూలను విడిచి, కొయ్య ఏదీ లేని చోట పొయ్యి పెట్టి, అవిసె నూనెను సన్నని సెగ మీద కాచి, గుగ్గిలము పొడిని కొద్దికొద్దిగా చల్లి కరిగించేవారు. గుడ్డలో వడపోసి, చల్లార్చి, వాహనాలన్నింటికీ పాత ధోవతి ముక్కతో రుద్దేవారు. నేనూ నా తమ్ముడూ గరుడ వాహనము కింద దూరి అడుగుభాగానికి రాసేవాళ్ళము. కనిపించని అడుగుకు ఎందుకని విసుక్కుంటే, “నీరు కనిపించే చోటే చూసి ఎక్కదురా” అనేవారు.

వారు పరమపదించిన కొన్నేళ్ళకు, ఇప్పటికి సుమారు పాతికేళ్ళ క్రితము, సంప్రోక్షణ జరిగినది. ఒక దాత భక్తితో ఎనామెల్ రంగుల ఖర్చు భరిస్తామన్నారు. ఆకుపచ్చ తలుపులు, బంగారు రంగు గరుడుడు, అద్దంలాంటి మెరుపు. చూసిన ప్రతివారూ సంతోషించినారు. ఇక నూనె పెట్టనక్కరలేదని కూడా చెప్పినారు. దాతను నేను తప్పుపట్టను. వారు ఇవ్వదలచినది ఇచ్చినారు. సరేనన్నది నేను. ఏటేటా జరిగే తైలసేవను మానివేసినది కూడా నేనే. నాకు ఆ పని ఒక శ్రమగా తోచిన రోజులవి.

రంగు పైన చెక్కుచెదరలేదు. కొయ్య మాత్రము ఉబ్బడం, కుంచించుకోవడం మానలేదు. అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చి, నీరు లోపలికి వెళ్ళినది. వెళ్ళిన నీటికి బయటికి వచ్చే దారి లేదు. తలుపు అడుగుకు రంగు వేయలేదు గనుక ప్రాకారము కడిగిన నీళ్ళను ప్రతిరోజు అది తాగినది. ఒకనాడు రంగు ఉబ్బినట్లు కనిపించి చీపురుపుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్లు దిగిపోయినది. ఆ తరువాతి బ్రహ్మోత్సవాలలో గరుడసేవ రాత్రి, స్వామి వీధిలో వేంచేసి ఉండగానే, గరుత్మంతుని కుడిరెక్క అతుకు దగ్గర విరిగి వేలాడినది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది స్వామి దయ. పట్టువస్త్రంతో రెక్కను కట్టి ఉత్సవము పూర్తి చేసినాము. మర్నాడు స్థపతిగారు రెక్కను తెరచి చూపించినారు. పైన బంగారు రంగు మెరుస్తున్నది. లోపల తడిసిన పొట్టు.

దారుమూర్తి జీర్ణమైతే అగ్నికి, శిలామూర్తి జీర్ణమైతే జలానికి అప్పగించమని అగ్నిపురాణము విధించినది. ఆ విధిని అనుసరించి ఆ రెక్కను నేనే అగ్నికి సమర్పించినాను. నా చేతితో చిన్ననాట నూనె రాసిన రెక్క అది.

అప్పుడు మా తండ్రిగారి తైలము మళ్ళీ కాచాలనుకున్నాను. ఎంత నూనెకు ఎంత గుగ్గిలమో నాకు తెలియలేదు. ఆ కొలత వారి చేతిలో ఉండేది. కాగితము మీద లేదు, నేను అడిగి తెలుసుకోలేదు. వేదమంత్రాలను స్వరము తప్పకుండా అప్పజెప్పించుకున్నవాడిని, ఈ పనిని అధ్యయనమని తలచలేదు.

ఈ మారు చేసిన పని

ఈ జీర్ణోద్ధరణలో స్థపతిగారి పర్యవేక్షణలో మన విశ్వకర్మ సోదరులు తలుపుల మీది పాత రంగును నెలల తరబడి ఓపికగా గీకి తీసినారు. రంగుల పొరల కింద నుంచి వేణుగోపాలుని చుట్టూ ఉన్న గోవులు బయటపడినవి. వాటి కనురెప్పలకు కూడా ఉలిగీత ఉన్నదని మా తరము వారికి అప్పుడే తెలిసినది. అట్టడుగు వరుసలోని మత్స్య, కూర్మావతారాల పలకలు మాత్రము దక్కలేదు. వాటి స్థానంలో మీరు చూస్తున్నవి కొత్తవి. రంగు తేడా తెలుస్తుంది, తెలియాలనే అలా ఉంచినాము.

కొయ్యను పూర్తిగా ఆరనిచ్చి, పుచ్చిన భాగాలను తొలగించి, చేవగల టేకుతో అతికి, ఉప్పుకాగితంతో కొయ్య రేఖల వెంట రుద్దినారు. అడ్డంగా రుద్దితే పడే గీతలు పూత కింద మరింత స్పష్టంగా కనిపిస్తాయి. మొదట టర్పెంటైను కలిపి పలుచన చేసిన అవిసె నూనెను తాగించి, తాగగా మిగిలినది తుడిచివేసినారు. అది ఆరిన తరువాత తూర్పుటెండను తట్టుకునే పారదర్శక వార్నిషును మూడు పల్చని పూతలుగా వేసినారు. ఒక్కొక్క పూత ఆరిన తరువాత సన్నని కాగితంతో తేలికగా రుద్ది మరొకటి వేసినారు. ఒకేసారి మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల ఆరదు. తలుపు రెక్కలను దించి పడుకోబెట్టి, అడుగు అంచులకు, కీలు కూర్చునే గుంటలకు ముందుగా పూత వేయించినాము. గడపకు మెరిసే పూత వేయలేదు. భక్తుల పాదాలు జారకూడదు, పసుపు నిలవాలి. దానికి నూనె మాత్రమే.

వాహనాలకు లక్కపాలిష్ ఆరు చేతులు పడినది. గర్భాలయ ద్వారానికి అవిసె నూనె, గుగ్గిలముల తైలము. దాని కొలతను చిన్న కొయ్యముక్కల మీద పలుమార్లు ప్రయత్నించి నిర్ణయించినాము. అది మా తండ్రిగారి కొలతేనని చెప్పలేను. కాని ఇది ఆలయ దస్త్రంలో రాసి ఉన్నది. నా తరువాత వచ్చే అర్చకుడు ఎవరినీ అడగనక్కరలేదు.

భక్తులకు, దాతలకు విన్నపము

పారదర్శక లేపనము శాశ్వతము కాదు. ఎండకు కొయ్య పైపొర బూడిదరంగుకు తిరుగుతుంది, పూత పల్చబడుతుంది. తలుపు మీద నాలుగు నీటిబొట్లు చిలకరించి చూస్తే చాలు. బొట్లు ముత్యాలుగా నిలిస్తే పూత క్షేమము. ఇంకిపోయి నల్లని మరకయితే మళ్ళీ పూత వేసే సమయము వచ్చినట్లే. ఏటా వానలు వెనుకబడిన తరువాత కార్తీకంలో ఈ పరీక్ష చేయాలని నిశ్చయించినాము.

మీవల్ల కావలసిన సాయము కొంత ఉన్నది. తలుపు చెక్కడాల మీద కుంకుమ, పసుపు, దీపపు నూనె రాయవద్దు. దీపపు నూనె ఆరదు. దుమ్మును పట్టి చెక్కడాన్ని పూడ్చివేస్తుంది. గడప మీదనే అలంకరించండి. కరపత్రాలు అంటించవద్దు, మేకులు కొట్టవద్దు. అన్నిటికంటె ముఖ్యంగా కొయ్యపనుల చేరువలో దీపము, కర్పూరము వెలిగించవద్దు. లక్క ఇల్లు ఏమయినదో భారతము చెప్పినది. మన కళ్ళ ముందు 2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామివారి ఆరు దశాబ్దాల నాటి టేకు రథము రాత్రికి రాత్రి దగ్ధమైనప్పుడు మనమందరము ఎంత బాధపడినామో గుర్తున్నది. 2021 ఫిబ్రవరిలో రథసప్తమి నాటికి కొత్త రథము వచ్చినది. పాత రథము లాగిన చేతుల జ్ఞాపకము మాత్రము పాత రథంతోనే పోయినది. పనిచేసేవారికి మరొక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేస్తే నిప్పు లేకుండానే లోలోపల వేడెక్కి మండగలవు. వాటిని విడివిడిగా ఆరవేయాలి, లేదా నీటిలో తడిపి ఉంచాలి.

దాతలకు ఒక మాట. గోపురానికి, మండపానికి, గదికి ఇచ్చినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉన్నవి. అది సముచితమే. ఏటేటా రెండు డబ్బాల నూనెకు, ఇద్దరు వడ్రంగుల నాలుగు రోజుల కూలికి ఇచ్చేవారి పేరు వేయడానికి ఫలకము లేదు. వేస్తే ఆ కొయ్య మీదనే మేకు కొట్టవలసి వస్తుంది. నిత్యదీపారాధనకు, నైవేద్యానికి శాశ్వత నిధులున్నట్లే దారు కైంకర్యానికి ఒక చిన్న నిధి ఏర్పాటు చేయమని దేవస్థాన కమిటీ వారిని కోరినాను. వారు అంగీకరించినారు. శక్తి కొలది అందులో చేరండి. ధనము ఇవ్వలేనివారు కార్తీకంలో ఒక పూట వచ్చి గుడ్డముక్క పట్టుకోండి. చిన్నపిల్లలను తప్పక తీసుకురండి. గరుడ వాహనము కింద దూరి అడుగుకు నూనె రాయడానికి వారి చేతులే అనువైనవి.

సంప్రోక్షణ పన్నెండేళ్ళకు ఒకసారి వస్తుంది. కొయ్యకు ప్రతి సంవత్సరము ఆషాఢము వస్తుంది. ఆ సంగతి మనం మరవకుండా ఉండేటట్లు శ్రీ రుక్మిణీ సత్యభామా సమేత వేణుగోపాలస్వామివారు అనుగ్రహింతురు గాక.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.